జాగ్రత్త: బాల్టిక్ తీరం సైకిల్ టూర్ ప్యాకేజీ కొనేవాళ్లకు

జర్మనీలో బాల్టిక్ సముద్రం పక్కన సైకిల్ యాత్ర అనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా మాలాగా భార్యాభర్తలు ఇద్దరే వెళ్లేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మేం హాంబర్గ్‌లో ఉంటాం. పోయిన ఆగస్టులో ట్రావెముండె నుంచి ష్ట్రాల్‌జుండ్ దాకా ఎనిమిది రోజుల ప్యాకేజీ తీసుకున్నాం. హోటళ్లు, అద్దె సైకిళ్లు, సామాను ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి చేర్చడం, అన్నీ కలిపి ఇద్దరికీ 1,780 యూరోలు. పైన 200 డిపాజిట్.

సంస్థ వాళ్లు సైకిళ్లు మొదటి హోటల్ షెడ్డులో పెట్టేసి, తాళంచెవులు రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్లిపోయారు. చూపించి అప్పగించే మనిషే లేడు. నా సైకిల్ వెనక బ్రేక్ రబ్బరు పూర్తిగా అరిగి, లోపలి ఇనుము రిమ్ముకు తగులుతోంది. మా వారు "పొద్దున ఫోన్ చేద్దాంలే" అన్నారు, నేనూ సరే అన్నాను. ఆ రాత్రే ఫోటో తీసి మెయిల్ పెట్టాల్సింది.

మర్నాడు ఆదివారం. ప్రివాల్ ఫెర్రీ దాటి కొంత దూరం పోతే ఒకప్పటి తూర్పు జర్మనీ సరిహద్దు. అప్పట్లో సైనికులు గస్తీ తిరిగిన కాంక్రీట్ పలకల దారి అక్కడక్కడా ఇంకా ఉంది, పలకల నిండా రంధ్రాలే. దాని మీద నా వెనక చక్రంలో టప్‌మని ఒక పుల్ల (స్పోక్) విరిగింది. కాసేపటికి ఇంకోటి. చక్రం వంకరపోయి బ్రేకుకు రాసుకోవడం మొదలైంది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "దగ్గర్లో షాపులో చేయించుకోండి, డబ్బు తర్వాత ఇస్తాం" అన్నారు. ఆదివారం ఇక్కడ ఏ షాపు తెరుస్తారు? తోసుకుంటూ, కాసేపు తొక్కుతూ విస్మార్ చేరేసరికి చీకటి పడింది. సోమవారం రిపేరుకు 64 యూరోలు.

నాలుగో రోజు సామాను రాత్రి పదిన్నర దాకా రాలేదు. మా వారి బీపీ మాత్రలు ఆ బ్యాగులోనే ఉన్నాయి. ఆ టెన్షన్ చెప్పలేను. మందులు మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి.

ఇంటికొచ్చి డబ్బు అడిగితే, ప్రయాణంలో ఉండగా మీరు ఫిర్యాదు చేసినట్టు రికార్డు లేదన్నారు! మూడుసార్లు ఫోన్ చేశాం, రాతపూర్వకంగా ఒక్కటీ లేదు. పైగా చక్రం మేమే పాడు చేశామని డిపాజిట్‌లో 90 యూరోలు కోసుకున్నారు. జర్మనీ చట్టం ప్రకారం ప్యాకేజీ యాత్రలో లోపం కనబడగానే నిర్వాహకులకు చెప్పాలి. చెప్పక వాళ్లకు సరిచేసే వీలు లేకుండా పోతే, ధర తగ్గించమని అడిగే హక్కు మనకు పోవచ్చు. అందుకే ముందు ఫోటోతో మెయిల్, ఆ తర్వాతే ఫోన్. సైకిల్ చేతికి రాగానే బ్రేకులు, పుల్లలు, గేర్లు, లైట్లు వీడియో తీసుకోండి.

ఇంకోటి. డబ్బు కట్టేముందు జిషరుంగ్స్‌షైన్ అనే హామీ పత్రం అడగండి. అది లేకుండా ప్యాకేజీ డబ్బు ముందుగా తీసుకోకూడదు. మాకు ఇచ్చారు. కానీ అది సంస్థ దివాలా తీస్తే పనికొచ్చే కాగితం, పాడు సైకిల్‌కి కాదు.

దారి మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి తూర్పుకు తొక్కితే వీపును తోస్తుంది. డార్స్ అడవిలో తొక్కిన ఆ పూట మళ్లీ కావాలనిపిస్తుంది.

రిపేరు బిల్లు పంపాక 64 యూరోలు వచ్చాయి. ఆ 90 కోసం వచ్చే వారం ఇక్కడి వినియోగదారుల సలహా కేంద్రానికి వెళ్తున్నాం.