టీం ఫొటో: మ్యాచ్ రోజు మేలా, ప్రాక్టీస్ రోజు మేలా?

పిల్లల క్రికెట్ కోచింగ్‌లో టీం ఫొటో మాట ఎత్తితే ఎక్కువమంది అనేది ఒకటే: "మ్యాచ్‌కి ఎలాగూ అందరూ వస్తారు కదా సార్, ఆ రోజే కానిచ్చేద్దాం." అందులో సబబు లేకపోలేదు. పిల్లలంతా ఒకచోటే ఉంటారు, తెల్ల డ్రెస్సులు ఉతికి ఇస్త్రీ చేసి ఉంటాయి, అమ్మానాన్నలకు ఇంకో ఆదివారం పోదు. అయినా నేను ప్రాక్టీస్ రోజుకే ఓటేస్తాను.

అసలు కారణం పిల్లల ముఖాల్లోనే ఉంటుంది. పదిహేను మంది పిల్లల్లో ఆడేది పదకొండు మందే. మ్యాచ్ పొద్దున పేర్లు చదివాక మిగిలిన నలుగురి మనసు ఎలా ఉంటుందో కోచ్‌లకు తెలుసు. పన్నెండేళ్ల పిల్లాడు ఆ బాధను దాచుకోలేడు, దాచుకోమని అడగకూడదు కూడా. అదే సమయంలో వాళ్లను వరుసలో నిలబెట్టి "నవ్వండి" అంటే ఆ ఫొటో చూసిన ప్రతిసారీ వాళ్లకు గుర్తొచ్చేది ఆ పొద్దుటి సంగతే. ఓపెనింగ్ దిగాల్సిన పిల్లాడి టెన్షన్ ఇంకోరకం. పోనీ మ్యాచ్ అయ్యాక తీద్దామంటే ప్యాంట్లకు గడ్డి మరకలు, ఎర్రబంతి రుద్దిన గుర్తులు. ఓడితే సరేసరి, సగంమంది అప్పటికే బండెక్కేసి ఉంటారు.

మ్యాచ్ రోజుకు నిజంగా ఉన్న బలం ఆట ఫొటోలు. డైవ్ కొట్టి పట్టిన క్యాచ్, వికెట్ పడగానే కీపర్ ఎగిరిన ఎగురు కావాలని అడిగితే వచ్చేవి కావు. కానీ దానికి ఫొటోగ్రాఫర్ పెద్ద లెన్స్‌తో బౌండరీ దగ్గర గంటలకొద్దీ కాచుకుని కూర్చోవాలి. అది వేరే పని, దాన్ని గ్రూప్ ఫొటోతో కలపొద్దు.

ఇక ఉదయమా, సాయంత్రమా అంటే, వెలుతురు రెండు పూటలా బాగానే ఉంటుంది. తేడా ఆలస్యం దగ్గర వస్తుంది. సాయంత్రం స్కూలు, ట్యూషన్, ట్రాఫిక్ దాటుకుని ఒక్కొక్కరే వస్తారు. చివరివాడు వచ్చేసరికి చీకటి పడుతుంది. ఉదయం ఆలస్యమైతే ఎండ ముదురుతుందే తప్ప వెలుతురు పోదు. హైదరాబాద్‌లో మే నెలలో ఆరు లోపే సూర్యుడు వచ్చేస్తాడు, ఎనిమిదికల్లా ఎండ చురుక్కుమంటుంది. డిసెంబర్‌లో తెల్లవారేదే ఆరున్నర దాటాక, కాబట్టి తొమ్మిది దాకా నిదానంగా తీసుకోవచ్చు. అయితే చలికాలం గడ్డి మంచుకు తడిసి ఉంటుంది. ముందు వరుసలో కింద కూర్చునే చిన్నపిల్లల తెల్ల ప్యాంట్ల కోసం ఒక జంపఖానా వెంట తీసుకెళ్లండి.

ఎండకు ఎదురుగా మాత్రం నిలబెట్టకండి. పిల్లలు కళ్లు చికిలిస్తారు, టోపీ అంచు నీడ సరిగ్గా కళ్ల మీదే పడుతుంది, తెల్ల చొక్కాలు మెరిసిపోయి ముఖాలు నల్లబడతాయి. సూర్యుడు పక్కనో వెనక పక్కగానో ఉండేలా నిలబెట్టి, టోపీలు కొంచెం పైకి జరపమంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఫొటోగ్రాఫరా, ఫోనా అన్నది ఎంత పెద్ద ప్రింట్ కావాలన్న దాన్నిబట్టి తేల్చుకోవాలి. 12×18 అంగుళాల ఫ్రేమ్ కట్టించాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెల్స్ కావాలి, అంటే 19 మెగాపిక్సెల్స్ పైమాటే. మామూలుగా ఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెల్స్ ఫొటో 8×12 వరకు హాయిగా సరిపోతుంది. ఫోన్‌తో తీస్తే అందరూ పట్టడం కోసం కెమెరా జూమ్‌ను 0.5కి మార్చకండి, చివర నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోతారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే ఫొటో సైజు తగ్గిపోతుంది.

ఖర్చు భరించగలిగితే గ్రూప్ ఫొటోకు ఫొటోగ్రాఫర్‌నే పిలవమంటాను. ఎత్తు చూసి వరుసలు సర్దడం, ఎవరో ఒకరు కన్నార్పుతారని వరసగా పదీ పన్నెండు తీయడం ఆయనకు అలవాటైన పని. కాకపోతే ఆయన వెనకాల తల్లిదండ్రులంతా ఫోన్లు పట్టుకుని "కన్నా, ఇటు చూడు" అంటుంటే పిల్లలు తలో దిక్కూ చూస్తారు. ఆయన పని అయ్యాక అమ్మానాన్నలకు ఐదు నిమిషాలు ఇస్తామని ముందే చెప్పేస్తే ఆ గొడవ ఉండదు.

ముందు గ్రూపా, విడి ఫొటోలా అన్న దానికి నా పద్ధతి మధ్యస్థంగా ఉంటుంది. వచ్చినవాళ్లకు వచ్చినట్టు బ్యాట్‌తో, బంతితో విడి ఫొటోలు మొదలుపెట్టడం, అందరూ చేరగానే అవి ఆపి గ్రూప్ తీయడం, ఆ తర్వాత మిగతావాళ్లవి. ఇలా చేస్తే ముందొచ్చిన పిల్లలు ఖాళీగా కూర్చోరు. అండర్-10 పిల్లలుంటే వాళ్లదే మొదట, వాళ్లకు ఓపిక తక్కువ. పనిలోపనిగా తెల్లగోడ ముందు పాస్‌పోర్ట్ ఫొటోలు కూడా తీయించండి, టోర్నమెంట్ ఫారాలకు ఎప్పుడూ కావాల్సినవే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు తల్లిదండ్రులను అడిగి తీరాలి, ముఖ్యంగా ఆడపిల్లల ఫొటోల విషయంలో. వద్దన్నవాళ్లను కారణం అడగకండి.

అన్నీ చెప్పినా, కొన్ని టీంలకు మ్యాచ్ రోజు తప్ప దారి ఉండదు. జిల్లా టీంలో పిల్లలు తలో ఊరి నుంచి వస్తారు, అందరూ కలిసేది టోర్నమెంట్‌లోనే. అప్పుడు రిపోర్టింగ్ టైమ్‌కే, బ్యాగులు దించగానే, ఆ పదకొండు పేర్లు చదవకముందే ఫొటో తీయించండి.