అటకలో కాగితం, గోడకు చెక్కపీచు: కొన్నేళ్లు వాడాక

వేడిని ఆపే ఇన్సులేషన్‌గా మా ఇంటి అటకలో సెల్యులోజ్ (పాత కాగితాన్ని నలిపి చేసిన పీచు), ఎండ పడే వైపు పడకగదికి చెక్కపీచు బోర్డులు, ఒక చిన్న గదికి గొర్రె ఉన్ని, పునాది దగ్గర కార్క్ పెట్టించి కొన్నేళ్లయింది. కొత్తలో రాసే సమీక్షల్లో అన్నీ బాగానే ఉంటాయి. ఇన్సులేషన్ సంగతి తేలేది పెద్ద వానలు కురిసి, ఎలుకలు దూరి, ఎక్కడో ఒక పెంకు పగిలాకే. అందుకే ఇన్నాళ్లూ ఆగి రాస్తున్నాను.

ముందు వేడి గురించి. కొనేవాళ్లంతా చూసేది ఉష్ణవాహకత అంకె, అంటే పదార్థం గుండా వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పేది. అది ఎంత తక్కువైతే అంత మంచిది. సెల్యులోజ్, చెక్కపీచు, ఉన్ని, కార్క్ అన్నిటికీ ఇది దాదాపు 0.036 నుంచి 0.045 (వాట్/మీటర్-కెల్విన్) మధ్యే ఉంటుంది. గ్లాస్ వూల్, థర్మోకోల్‌తో పోలిస్తే పెద్ద తేడా లేదు. పాలీయూరిథేన్ ఫోమ్‌కి మాత్రం 0.025 దగ్గర ఉంటుంది. అంటే అదే ఫలితం రావాలంటే సహజ పదార్థాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి ఇంకా మందంగా వేయాలి. గది చిన్నదైతే ఇది నిజంగా ఇబ్బందే.

కానీ ఆ అంకెలో కనపడని గుణం ఇంకొకటి ఉంది. గట్టి చెక్కపీచు బోర్డు ఘనపు మీటరుకు 150 కిలోల దాకా తూగుతుంది, థర్మోకోల్ 20 కిలోల దగ్గరే ఆగుతుంది. పైగా కిలో చొప్పున చూసినా చెక్కే ఎక్కువ వేడిని పట్టుకుంటుంది. దాంతో మధ్యాహ్నం పడ్డ ఎండ వేడి నెమ్మదిగా దిగుతూ లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటే కిటికీలు తెరిస్తే చాలు. మా పడకగదిలో ఇంతకుముందు సాయంత్రానికే గోడ మీద చెయ్యి పెడితే వేడి తెలిసేది, ఇప్పుడు ఆ టైమ్‌కి తెలియడం లేదు. వేసవి కోసం ఎంచుకునేవాళ్లు ఉష్ణవాహకతతో పాటు బరువు కూడా అడగాలని గట్టిగా చెబుతాను. రాత్రి కూడా చల్లబడని రోజుల్లో మాత్రం ఈ లాభం బాగా తగ్గిపోతుంది.

ఇక తేమ. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు. చెక్కపీచు, సెల్యులోజ్ కూడా గాలిలోని ఆవిరిని పీల్చి మళ్లీ వదులుతాయి. అయితే వదలడానికి దారి ఉండాలి. మా గోడకు లోపలి వైపు సున్నపు గార వేయించాం. దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే నున్నగా ఉంటుందని పనివాళ్లు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆవిరిని అడ్డుకునే పొర వేస్తే ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన గుణం పోతుంది. నేలలోంచి చెమ్మ ఎక్కే గోడకైతే ముందు ఆ చెమ్మ ఆపాలి, ఇన్సులేషన్ సంగతి తర్వాత.

ఆవిరి వేరు, నీళ్లు వేరు. ఒక వానాకాలం పెంకు పగిలి అటకలోకి నీళ్లు దిగాయి. తడిసిన చోట సెల్యులోజ్ ముద్దయి కూర్చుంది. అంతమేర తీసేసి కొత్తది నింపాం, పక్కనున్నది ఇప్పటికీ బాగుంది. కార్క్ అయితే ఈ టెన్షన్ ఉండేది కాదు. అది ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టు నరక్కుండా సుమారు తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు, అన్ని దేశాల కన్నా పోర్చుగల్‌లో ఎక్కువ. ముదురు గోధుమరంగు బోర్డుల్లో జిగురు కూడా ఉండదు, వేడి ఆవిరికి గింజలు ఉబ్బి తమలోని బంకతోనే అతుక్కుంటాయి. ఖరీదు ఎక్కువని నీళ్లు తగిలే చోటికే పరిమితం చేశాం.

సెల్యులోజ్‌ని వదులుగా ఊదితే కొన్నాళ్లకు కుంగుతుంది. అటకలో పరిచినదానికి ముందే కాస్త ఎక్కువ ఎత్తు పోయిస్తే సరిపోతుంది. గోడ ఖాళీల్లో అయితే పైన సందు మిగిలిపోతుంది కాబట్టి అక్కడ ఘనపు మీటరుకు 50 కిలోలకు పైగా బిగించి నింపాలి. మొదట పిలిచిన కాంట్రాక్టరు ఈ బరువు మాట ఎత్తగానే విసుక్కున్నాడు. వేరేవాళ్లతో చేయించాం.

సెల్యులోజ్‌లో కలిపే బోరేట్ లవణాలు మంట పాకకుండా, పురుగు పట్టకుండా చూస్తాయి. ఎలుకలను మాత్రం ఆపలేవు. గాలి కన్నాలన్నిటికీ సన్నని ఇనుప జాలీ కొట్టించాకే మాకు ఆ బెడద తగ్గింది. ఉన్నికి చిమ్మటల భయం ఉంది, మందు పట్టించని పచ్చి ఉన్ని ఎంత చవకగా దొరికినా గోడలో పెట్టకండి.

‘సహజం’ అని రాసి ఉంటే చాలనుకోవద్దు. జనపనార, చెక్కపీచు మెత్తల్లో చాలావాటికి ఆకారం నిలవడానికి కొంత పాలిస్టర్ పీచు కలుపుతారు. కొన్ని సెల్యులోజ్ రకాల్లో బోరేట్‌కి బదులు అమ్మోనియం లవణాలు వాడారు. తేమ తగిలితే వాటి నుంచి ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. ఫిర్యాదులు రావడంతో ఫ్రాన్స్ 2013లో వాటిని నిషేధించింది. కాబట్టి ఏం కలిపారో తెలిపే కాగితం అడిగి తీసుకోండి. శాంపిల్‌ని కాస్త తడిపి, సీసాలో వేసి మూత బిగించి, మర్నాడు వాసన చూడండి. మేం అలా చూసి, ఏ ఘాటూ లేదని తేలాకే ఆర్డర్ ఇచ్చాం.