సాగరసంగమం: ఆహ్వానపత్రం దగ్గర వచ్చే ఏడుపు

ఏడిపించే సినిమా అనగానే మనవాళ్ల మనసులో మెదిలే సరంజామా ఒకటుంది: మంచం పట్టిన తల్లి, దిక్కులేని పిల్లలు, అయినవాళ్లే మొహం చాటేసిన ఇల్లు, వెనక నుంచి ఆగకుండా మోగే వయొలిన్లు. ఈ సరంజామా పనిచేయదని ఎవరూ అనలేరు. మనమేమీ రాతిగుండెల వాళ్లం కాము. అయితే అలా వచ్చిన కన్నీళ్లు హాలు బయట టీ తాగేలోపే ఆరిపోతాయి. మర్నాడు తలుచుకుంటే, దర్శకుడు పట్టుబట్టి ఏడిపించాడన్న చిరాకు కూడా కలుగుతుంది. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించగా 1983లో విడుదలైన ‘సాగరసంగమం’ ఆ కోవలోది కాదు. కథ మొత్తం తెలిసి, మాటలు సగం నోటికి వచ్చి, పాటలన్నీ రేడియోలో విని విని అరిగిపోయిన తర్వాత కూడా సరిగ్గా అవే చోట్ల గొంతు పూడుకుపోతుంది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ చోట్ల గురించే కాబట్టి, కథలోని మలుపులన్నీ ఇందులో బయటపడతాయి. సినిమా చూడనివారు ముందు చూసి, తర్వాత దీన్ని చదవడం మంచిది.

కథ చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. పెళ్లిళ్లలో వంటలు చేసి బతికే పేద తల్లి కొడుకు బాలకృష్ణ (కమల్‌హాసన్) నాట్యమే ఊపిరిగా పెరుగుతాడు. కలిగిన ఇంటి పిల్ల, కళంటే ప్రాణమిచ్చే మాధవి (జయప్రద) అతని ప్రతిభను గుర్తించి, పెద్ద నాట్యోత్సవంలో అతనికి అవకాశం ఇప్పిస్తుంది. సరిగ్గా ప్రదర్శనకు ముందు తల్లి చనిపోతుంది, నాట్యం ఆగిపోతుంది. మాధవి మీద పెంచుకున్న ప్రేమ కూడా, ఆమెకు అప్పటికే పెళ్లయిందని తెలిసి, గట్టు చేరదు. ఏళ్లు గడిచేసరికి బాలు తాగుడుకు బానిసైన కళావిమర్శకుడిగా మిగులుతాడు. అతని విమర్శకు గురై కోపంతో రగిలిపోయిన నర్తకి శైలజ (ఎస్.పి. శైలజ) మాధవి కూతురే. ఇప్పుడు వితంతువైన మాధవి, అతన్ని మళ్లీ మనిషిని చేయడానికి, కూతురికి నాట్యం నేర్పమని కోరుతుంది. ఇంతే కథ. దీన్ని చావులూ విరహాలూ లెక్కపెట్టి చెబితే ఏ ఏడుపు సినిమాకైనా సరిపోయే సామగ్రి ఉంది. కానీ విశ్వనాథ్ మనల్ని ఏడిపించిన చోట్లు ఆ లెక్కలో ఎక్కడా కనిపించవు.

మొదటిది ఆహ్వానపత్రం సన్నివేశం. మాధవి నాట్యోత్సవపు ఆహ్వానాన్ని బాలు చేతికి ఇస్తుంది. అతను దాన్ని ఒక ప్రేక్షకుడిలాగే అందుకుంటాడు. ఒక్కో పేజీ తిప్పుతూ, అందులోని మహామహుల ఫొటోలు చూసి, వాళ్ల నాట్యాన్ని చూసే భాగ్యం కలుగుతుందని మురిసిపోతాడు. తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఉన్నది తన ఫొటోయే. కమల్‌హాసన్ ఇక్కడ చేసిన పని ఒకటికి నాలుగుసార్లు చూడదగినది. సంతోషం వెంటనే రాదు. ముందు నమ్మలేకపోవడం, తర్వాత ఇది ఎవరో చేసిన హాస్యమేమోనన్న భయం లాంటిది, ఆ తర్వాత మాటకు అందని ఏదో పొంగుకొచ్చి ముఖం నవ్వుకూ ఏడుపుకూ మధ్య ఎటూ తేల్చుకోలేక వణకడం. ఏ కష్టమూ రాలేదు, ఎవరూ పోలేదు, చెడ్డమాట ఒక్కటీ ఎవరూ అనలేదు. ఒక అచ్చుకాగితం మీద ఒక పేదవాడి బొమ్మ ఉంది, అంతే. అయినా హాల్లో ముక్కులు ఎగబీల్చే చప్పుడు మొదలయ్యేది అక్కడే.

దీనికి పునాది ఎక్కడ పడిందో గమనిస్తే విశ్వనాథ్ పనితనం తెలుస్తుంది. అంతకుముందు ఒక నవ్వుల సన్నివేశం ఉంది: నాట్య భంగిమల్లో ఫొటోలు దిగాలని బాలు ముచ్చటపడి ఒక చిన్న కుర్రాడి చేతికి కెమెరా ఇస్తే, వాడు భంగిమ కుదిరినప్పుడు కాకుండా కుదరనప్పుడు నొక్కుతూ ఉంటాడు. ఆ కుర్రాడిగా వేసిన చక్రి తోలేటి అమాయకపు గాంభీర్యానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ నవ్వులో ఉండగానే దర్శకుడు ఒక సంగతిని మన చెవిలో వేసేశాడు: ఇంత గొప్ప నర్తకుడికి తనదంటూ చెప్పుకోదగిన ఫొటో ఒక్కటీ లేదు. ఆహ్వానపత్రంలో ఫొటో కనబడినప్పుడు పొంగేది ఆ సంగతే. అందుకే ఈ సినిమాలో హాస్యాన్ని తీసేసి విషాదాన్ని మాత్రమే ఉంచుదామంటే కుదరదు; తీసిన చోటల్లా ఏడుపు కూడా తగ్గిపోతుంది.

తల్లి సన్నివేశాల గురించి రెండు మాటలు చాలు. త్యాగరాజ కృతి ‘బాలకనకమయ చేల’కు ఒకవైపు మంజుభార్గవి సభలో నర్తిస్తుంటే, మరోవైపు వంటపాత్రల మధ్య బాలు నర్తించే ఘట్టం అందరికీ తెలిసిందే. కొడుకు ఉండవలసిన చోటు ఏదో, ఉన్న చోటు ఏదో ఆ తల్లికి తెలుసు. డబ్బింగ్ జానకి ఆ తెలివిడిని కన్నీటి ధారలు లేకుండా కళ్లలోనే ఉంచింది. తల్లి మరణం కూడా బాధ కలిగిస్తుంది గాని, అది మనం ఊహించిన బాధే; సినిమాలో అమ్మ దగ్గినప్పుడే తెలుగు ప్రేక్షకుడు మానసికంగా సిద్ధపడిపోతాడు.

ఇక బావి గట్టు సన్నివేశం. తెలుగు సినిమాలో కంటతడి పెట్టించిన ఘట్టాలన్నిటిలో నేను దీనికే పెద్దపీట వేస్తాను. మాధవి భర్త పోయాడని బాలుకు తెలియదు. ఆమె ఎక్కడో సుఖంగా కాపురం చేసుకుంటోందన్న నమ్మకమే అతనికి మిగిలిన ఏకైక ఊరట. ఆ ఊరటను చెదరగొట్టకూడదని ఆమె నుదుట బొట్టు పెట్టుకుని అతని ముందుకు వస్తుంది. రాత్రి, జోరువాన, తాగిన మైకంలో అతను బావి గట్టు మీద ‘తకిట తధిమి’ అంటూ నర్తిస్తున్నాడు. అడుగు తప్పితే ప్రాణం పోతుంది. ఆమె అతన్ని ఆపడానికి వచ్చింది. వానకు ఆమె నుదుటి కుంకుమ కరగడం మొదలవుతుంది. అది చూసిన బాలు, ఆ బొట్టు చెరిగిపోకుండా తన అరచేతిని ఆమె నుదుటికి గొడుగులా అడ్డుపెడతాడు.

ఆ చేయి అడ్డుపెట్టడంలో ఎన్ని విషయాలు ఇమిడి ఉన్నాయో నెమ్మదిగా చూడాలి. తన ఒంటి మీద తనకే అదుపులేని స్థితిలో ఉన్న మనిషి, తన ప్రాణం సంగతి పట్టనివాడు, ఆమె సౌభాగ్యం ఒక్కటి మాత్రం తడవకూడదనుకున్నాడు. ఆమెను ప్రేమించి, ఆమె కాపురం నిలవాలని తనంతట తాను తప్పుకున్నవాడు ఇన్నేళ్ల తర్వాత కూడా అదే పని చేస్తున్నాడు. అయితే అతను కాపాడుతున్న ఆ సౌభాగ్యం ఎప్పుడో పోయింది. ఆ బొట్టు అతని కోసమే పెట్టుకున్న అబద్ధం. ఆ సంగతి ఆమెకు తెలుసు, మనకు తెలుసు, అతనికి తెలియదు. జయప్రద ముఖంలో ఆ క్షణాన కనిపించేది దుఃఖం మాత్రమే అనుకుంటే పొరపాటు. చెప్పేయాలన్న తపన, చెబితే అతను ఏమైపోతాడోనన్న భయం, తనకు ఏనాడూ దక్కని రక్షణ ఇప్పుడు దక్కుతోందన్న కృతజ్ఞత కలగలిసి ఉంటాయి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఒకే అబద్ధాన్ని కాపాడుకుంటున్నారు. ఈ మాట ఎవరి చేతా చెప్పించకపోవడం, మాటల రచయిత జంధ్యాల అయి ఉండి కూడా అక్కడ సంభాషణకు చోటివ్వకపోవడం విశ్వనాథ్ గొప్పతనం.

పై రెండు సన్నివేశాలను పక్కపక్కన పెడితే ఈ సినిమా ఏడిపించే పద్ధతి బోధపడుతుంది. ఆహ్వానపత్రం దగ్గర మాధవికి తెలిసినది బాలుకు తెలియదు. బావి దగ్గర కూడా అంతే. మొదటిసారి తెలియనిది శుభం, రెండోసారి తెలియనిది అశుభం. రెండుచోట్లా మనం తెలిసినవాళ్ల పక్షాన నిలబడి, తెలియని మనిషి ముఖం వైపు చూస్తూ ఉంటాం. పాత్ర ఏడవకముందే మనకు ఏడుపు వచ్చేది అందుకే. చాలా సినిమాలలో నటుడు ముందు బోరున ఏడ్చేస్తాడు, ప్రేక్షకుడు చేయవలసిన పని కూడా ఆయనే చేసేశాక మనకు మిగిలేది చూడటమే. ఇక్కడ పాత్రలు ఆపుకుంటాయి, ఆపుకోలేనివాళ్లం మనమవుతాం. ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ రెండింటిలోనూ ఒక మనిషి ఇంకొక మనిషికి అడగని గౌరవం ఇస్తున్నాడు. కష్టం చూసి వచ్చే కన్నీటి కన్నా ఇలాంటి మర్యాద చూసి వచ్చే కన్నీరు ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం.

నటన విషయానికి వస్తే, ఈ సినిమా విడుదలయ్యేనాటికి కమల్‌హాసన్‌కు 28 ఏళ్లు మాత్రమే. ఆ వయసులో ఉరకలెత్తే యువకుణ్ణీ, ఒళ్లు గుల్లయిన నడివయసు తాగుబోతునూ ఒకే మనిషిగా నమ్మించాడు. పత్రికా కార్యాలయంలో శైలజ నిలదీయడానికి వచ్చినప్పుడు, ఒకే పంక్తిని భరతనాట్యంలో ఎలా పట్టాలో, కథక్‌లో ఎలా పట్టాలో, కథకళిలో ఎలా పట్టాలో చేసి చూపించే ఘట్టం ఏడిపించదు గాని, తర్వాత వచ్చే ఏడుపుకు అదీ పెట్టుబడే. ఎంత విద్య మట్టిపాలయిందో అక్కడే అర్థమవుతుంది. స్నేహితుడు రఘుగా శరత్‌బాబు నటనను మనవాళ్లు తక్కువగా తలుచుకుంటారు. స్నేహితుణ్ణి కనిపెట్టుకుని ఉండే మనిషి అలసటను ఆయన ఎక్కడా గట్టిగా చెప్పకుండా చూపించాడు. ఇళయరాజాకు ఉత్తమ సంగీత దర్శకుడిగా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ‘వేదం అణువణువున నాదం’ పాటకు ఉత్తమ గాయకుడిగా ఈ చిత్రమే జాతీయ పురస్కారాలు తెచ్చిపెట్టింది. ‘తకిట తధిమి’లో పాటల రచయిత వేటూరి జతులనే, అంటే నాట్యానికి పలికే తాళపు పదాలనే, మాటలుగా మలిచి జీవితం మీది విరక్తినంతా వాటిలో పోశాడు. తాగినవాడి తూలుడు పాటలో ఉంటుంది గాని, తాళం మాత్రం ఎక్కడా తూలదు. తన విద్య తాగుడులో కొట్టుకుపోలేదని బాలు ఆ విధంగానే మనకు చెబుతాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అందరూ తలుచుకుని ఏడ్చే పతాక సన్నివేశం, అంటే శైలజ వేదిక మీద నర్తిస్తుండగా చక్రాల కుర్చీలో బాలు ప్రాణం విడవడం, నాకు మిగతా రెండింటి పక్కన నిలబడగలిగినట్టు అనిపించదు. గురువు కన్నుమూస్తుంటే శిష్యులు కళను కొనసాగించడమనే ముగింపును విశ్వనాథ్ అంతకు మూడేళ్ల ముందే 1980లో ‘శంకరాభరణం’లో చూపించారు, అక్కడే అది మరింత సహజంగా కుదిరింది. ఇక్కడ చావు వస్తోందని వైద్యుడు చెప్పకముందే మనకు తెలిసిపోతుంది కాబట్టి, ప్రేక్షకుడికీ పాత్రకీ మధ్య ఆ తెలియనితనపు దూరం మిగలదు. ప్రదర్శన ఆగకూడదని ఆ మరణాన్ని సభకు తెలియనివ్వకుండా రఘు అతన్ని బయటికి తీసుకుపోవడం మాత్రం మళ్లీ అసలు విశ్వనాథ్ పనే. ఎస్.పి. శైలజ శ్రద్ధగా నటించినా, కమల్ అంతటివాడికి వారసురాలని ఆ నాట్యం చూసి నమ్మడానికి కొంత ఉదారత కావాలి. తాగుడు సన్నివేశాలు ఒకటి రెండు తగ్గించవచ్చు.

ఇంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. భర్త పోయినంత మాత్రాన ఆమె బొట్టు ఎందుకు తీసేయాలని ఈనాటి ప్రేక్షకులు, ముఖ్యంగా ఆడవాళ్లు, అడిగితే సినిమా దగ్గర జవాబు లేదు. ఆ ఆచారాన్ని ప్రశ్నించకుండానే దాని మీద తన అత్యుత్తమ సన్నివేశాన్ని కట్టుకుంది. మూడేళ్ల తర్వాత ‘స్వాతిముత్యం’లో వితంతువు మెడలో తాళి కట్టించిన దర్శకుడే ఇక్కడ ఆ గీత దాటలేదు. ఈ అభ్యంతరం నాకూ ఉంది. ఉన్నా బావి దగ్గర కళ్లు తడుస్తాయి. ఆచారంతో పేచీ పడుతూనే, ఆ ఆచారంలో చిక్కుకున్న ఇద్దరు మనుషుల మంచితనానికి తలవంచడం సాధ్యమే.

చూసే పద్ధతి గురించి ఒక సలహా. ఆహ్వానపత్రం, బావి సన్నివేశాలు ముక్కలుగా ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. కొత్తవాళ్లు ముందుగా వాటిని చూసి, ఇందులో అంత ఏడవడానికి ఏముందని పెదవి విరవడం వింటూంటాం. వారి తప్పేమీ లేదు. నుదుటి బొట్టు అబద్ధమని తెలియనివాడికి అది వానలో తడిసిన ఒక బొట్టే, కుర్రాడి కెమెరా తమాషా చూడనివాడికి ఆ ఫొటో ఏదో ఒక ఫొటోయే. రెండున్నర గంటలు దాటిన నిడివిని ఒకే విడతలో, మధ్యలో లేవకుండా కూర్చుని చూడాలి. శబ్దం బాగా వినిపించే చోట చూస్తే మరీ మంచిది. విశ్వనాథ్ వాహినీ స్టూడియోలో శబ్దవిభాగంలో పని నేర్చుకుని వచ్చినవారు, మువ్వల చప్పుడుకూ వాన చప్పుడుకూ ఈ సినిమాలో ఆయన ఇచ్చిన విలువ ఫోను స్పీకర్లో వినబడదు.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర పతాక సన్నివేశానికి. శాస్త్రీయ నాట్యం తెలియనివారు కూడా నిరభ్యంతరంగా చూడవచ్చు, ఇందులో అర్థం కావలసింది ముద్రలు కావు. వేగంగా కదిలే కథకు అలవాటుపడినవారు మొదటి అరగంట ఓపిక పట్టాలి. ఇంట్లో ఎవరైనా ఈమధ్యే తల్లిని పోగొట్టుకుని ఉంటే మాత్రం వారితో కలిసి చూడటాన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి.