కంప్రెసర్ మంచిదే, గొడవంతా ఎన్‌ఆర్‌వీతోనే

నాది గాలి కంప్రెసర్: 2 హెచ్‌పీ మోటరు, సింగిల్ ఫేజ్, 50 లీటర్ల ట్యాంకు, బెల్టుతో తిరిగే రకం. పంక్చర్ షాపుల్లో అందరూ చూసేదే కాబట్టి దాని రూపురేఖల గురించి ఇంతకంటే చెప్పను. అనంతపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుని మూడు నాలుగేళ్లుగా వాడుతున్నాను. పాత తలుపుల టేకుతో స్టూళ్లు, చిన్న అల్మారాలు చేసి లక్కర్ కొట్టుకోవడం, మధ్యలో కూలర్లకూ బండ్లకూ పట్టిన దుమ్ము ఊదడం, నా పని అంతే. ఇన్నాళ్లకూ దీని మీద తీరని కోపం ఒక్కటే ఉంది. అదీ బొటనవేలంత ఇత్తడి ముక్క మీద. పిస్టన్ గాలిని నొక్కే హెడ్డు నుంచి వచ్చే డెలివరీ పైపు ట్యాంకుకు కలిసే చోట ఉంటుంది, ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు) అంటారు. గాలిని ట్యాంకులోకి పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడమే దాని ఉద్యోగం.

మొన్న మే నెలలో అది ఆ ఉద్యోగం మానేసింది. రాత్రి అందరం పడుకున్నాక షెడ్డులో మోటరు దానంతటదే స్టార్ట్ అయింది. స్విచ్ ఆపడం మరిచిపోవడం మామూలే, ట్యాంకు నిండి ఉంటే అది పొద్దున దాకా కదలకూడదు. వెళ్లి చూస్తే ప్రెషర్ స్విచ్ (ట్యాంకు నిండగానే మోటరును ఆపి, ఒత్తిడి తగ్గితే మళ్లీ వేసేది) కింద నుంచి సుయ్‌మని గాలి పోతోంది. మోటరు ఆగినప్పుడు ఆ శబ్దం ఒక్క క్షణం రావాలి. డెలివరీ పైపులో చిక్కుకున్న గాలిని స్విచ్ అలా వదిలేస్తేనే తర్వాత మోటరు బరువు లేకుండా తిరగడం మొదలుపెడుతుంది. ఇక్కడ ఆ శబ్దం ఆగట్లేదు, గేజీలో ముల్లు దిగుతూనే ఉంది.

మర్నాడు వచ్చిన మెకానిక్ చెవి పెట్టి విని స్విచ్ పోయిందన్నాడు. గాలి అక్కడి నుంచే పోతోంది కాబట్టి ఆ మాటలో తప్పు కనిపించదు. కొత్త స్విచ్ వేశాడు, పదమూడు వందలు తీసుకున్నాడు. ఆయన గేటు దాటకముందే మళ్లీ సుయ్. అప్పుడు కొత్త స్విచ్ కూడా డూప్లికేటేమో అన్నాడు. సాయంత్రమైతే ఇంకో బాధ. వేసవిలో వీధంతా ఏసీలు, కూలర్లు వేసుకునే వేళకు మా స్టెబిలైజర్ మీద 190 దగ్గర కనిపిస్తుంది. ఆ వోల్టేజీలో, హెడ్డులో గాలి నిలిచి ఉండగా మోటరు లేవాలంటే ఎలా లేస్తుంది? గుంయ్‌మని మూలిగి, బెల్టు కాలిన వాసన వచ్చి, ట్రిప్ అయ్యేది. ఇక కెపాసిటర్ మార్చాలి, వైండింగ్ చూపించాలి అని సలహాలు మొదలయ్యాయి.

గుత్తి రోడ్డులో పంక్చర్ షాపు పెద్దాయన దగ్గర పైపు నిపిల్ కోసం ఆగినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను.

"ఏమప్పా, మోటరు ఆగినాక కూడా ఊదుతాందా?"

"ఔను పెద్దాయనా, స్విచ్ కొత్తదే."

"స్విచ్చి ఏం జేసిందప్పా పాపం. ట్యాంకులో గాలి వెనక్కొస్తాంది. ఆ ఇత్తడి వాల్వు ఇప్పి చూడుపో. ముందు ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్, లేకుంటే మూతి పగుల్తాది."

కింది కాక్ తిప్పి గేజీ సున్నా చూపే దాకా ఆగి, రెండు పానాలు వేసి వాల్వు మూత విప్పాను. లోపల సన్నటి స్ప్రింగు, రూపాయి బిళ్ల కంటే చిన్న రబ్బరు డిస్కు. దాని మీద ఇత్తడి అంచు కూర్చునే చోట గుండ్రంగా లోతైన గాడి పడింది. ఆ గాడి అంచున నల్లటి మసి పెచ్చు ఒకటి, గోటి కొనంత, అతుక్కుని ఉంది. రబ్బరు గోటితో నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి, ఇది గుర్రపు డెక్కలా బిగుసుకుపోయింది. హెడ్డు నుంచి వచ్చే గాలి ఎప్పుడూ చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంటుంది. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రేకుల కింద గంటలకొద్దీ అదే గాలి తగిలితే రబ్బరు ఏం బతుకుతుంది! మసి తుడిచి, డిస్కు తిరగేసి బిగించాను. శబ్దం ఆగిపోయింది, మోటరు మొదటి దెబ్బకే లేచింది. కొత్త వాల్వు మొత్తం కలిపి రెండొందల లోపే దొరికింది.

తెలుసుకున్నాక ఇది ఎంత తేలికో చెబితే నవ్వొస్తుంది. మోటరు ఆపి, వాల్వు దగ్గర డెలివరీ పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తే చాలు. కాసేపయ్యాక కూడా అక్కడ గాలి వస్తూనే ఉంటే దోషం వాల్వుదే, స్విచ్ అమాయకం. ఇంత చిన్న వస్తువు మాన్యువల్‌లో బొమ్మ పక్కన నంబరుగా తప్ప ఎక్కడా లేదు. ఈ రకం కంప్రెసర్లన్నిటికీ దాదాపు ఇదే వాల్వు కాబట్టి బ్రాండు పేరెత్తి తిట్టడం కూడా కుదరదు, అదొక కడుపుమంట.

మిగతావన్నీ త్వరగా చెప్పేస్తాను. పిన్ గన్‌కు ఇది తగిన జోడీ, ఒక ట్యాంకు గాలితో చాలాసేపు మేకులు దిగుతాయి. స్ప్రే గన్‌కు పరవాలేదు, ఆగి ఆగి కొట్టుకోవాలి. గాలి గ్రైండర్ మాత్రం కొని మూల పడేశాను. డబ్బా మీద రాసే సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అనే లెక్క) పిస్టన్ కదలిక లెక్కన వేసింది, గన్ను దగ్గరికి నిజంగా వచ్చేది అంతకంటే తక్కువ. గ్రైండర్ మొదలెట్టిన కాసేపటికే ముల్లు పడిపోతుంది. పిన్ గన్‌కు పని ముందు రెండు చుక్కల నూనె వేస్తాను, ఆ పైపు మాత్రం రంగు పనికి వాడను. నూనె తగిలితే లక్కర్ మీద గుంటలు పడతాయి. ఫిల్టర్ స్పాంజి మాత్రం కంపెనీ చెప్పినదానికంటే ముందే కడగాలి, మా ఎర్రదుమ్ముకు కంపెనీ లెక్కలు చెల్లవు.

ట్యాంకులో నీళ్ల గొడవ అనంతపురంలో లేదని నెల్లూరు స్నేహితుడికి గొప్పగా చెప్పేవాణ్ని. వాడి ట్యాంకు విప్పితే తుప్పు నీళ్లు ధారగా వస్తాయి, నాది వేసవిలో చెంచాడు కూడా రాదు. అది వేసవి మాట. గేజీలో 8 బార్ (బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకో ఎనిమిదింతలు) దాకా నొక్కితే గాలి తొమ్మిదో వంతు చోటులోకి వస్తుంది, అందులోని తేమ అంతా అంత చోటులోనే పట్టాలి. సెప్టెంబరు, అక్టోబరు ముసుర్లలో పట్టదు. అప్పుడు కాక్ తిప్పితే చాయ్ రంగు నీళ్లు వస్తున్నాయి, లక్కర్ తెల్లగా పాలు విరిగినట్టు అవుతోంది. ఇప్పుడు గన్ను ముందు తేమ ఫిల్టర్ పెట్టాను, ముసురు రోజుల్లో లక్కర్ పనే పెట్టుకోను.

కొనొచ్చా అంటే, నాలాగా వెనక షెడ్డు ఉండి, ఆదివారాల పని అయితే కొనొచ్చు. పక్కింటి వాళ్లు మా బంధువులే కాబట్టి శబ్దం గురించి నన్నెవరూ అడగలేదు, అపార్ట్‌మెంటులో అయితే ఈ బెల్టు మోత నడవదు. రోజూ గాలి శాండర్‌తో గీకే పని అయితే దీని శక్తి చాలదు. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధి అయితే పొద్దున పూటే పని పెట్టుకోవాలి, నేను అదే చేస్తున్నాను. మామూలు రబ్బరుకు బదులు వేడికి ఆగే విటాన్ డిస్కు ఉన్న వాల్వు బెంగళూరులో దొరుకుతుందని పెద్దాయన చెప్పాడు, వచ్చే మార్చిలోపు తెప్పించాలి.