నాసా వరల్డ్‌వ్యూ: ఆర్కిటిక్ మంచును ఎంతవరకు నమ్మకంగా చూపిస్తుంది?

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం చెప్పే నాకు, ఆర్కిటిక్ సముద్రపు మంచును పాఠ్యపుస్తకంలోని పాత పటంతో కాక తాజా ఉపగ్రహ చిత్రాలతో చూపించడానికి నాసా వారి వరల్డ్‌వ్యూ వెబ్‌సైట్ బాగా అక్కరకొచ్చింది. రుసుము లేదు, ఖాతా తెరవనక్కరలేదు, ఉపగ్రహం తీసిన చిత్రం కొన్ని గంటల్లోనే తెరపైకి వస్తుంది.

విద్యార్థులకు ముందుగా వేసవి కృష్ణను చూపిస్తాను. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీరు స్పష్టంగా తెలుస్తుంది కానీ, దిగువన ఇసుక మేటల మధ్య పారే సన్నని పాయలు 250 మీటర్ల పిక్సెల్‌లో (చిత్రంలోని ఒక్కో చుక్కలో) ఇసుకతో కలిసిపోతాయి. కావాలంటే ఎవరైనా బ్యారేజీ మీద నిలబడి సరిచూసుకోవచ్చు. ఆర్కిటిక్‌లో ఆ వీలు లేదు కనుకనే వరల్డ్‌వ్యూలోని పోలిక సాధనానికి అంత విలువ. ఒకవైపు మామూలు రంగుల చిత్రాన్ని, మరోవైపు మంచు, నీరు వెలువరించే మైక్రోవేవ్ తరంగాల కొలతలతో లెక్కగట్టిన మంచు శాతాన్ని ఉంచి నడిమి గీతను జరిపితే, రెండింటికీ ఎక్కడ పొసగదో కళ్లకు కడుతుంది.

మొదటిదానికి మేఘాలూ, ధ్రువపు చలికాలపు చీకటీ అడ్డం. రెండోదానికి ఆ బెడద దాదాపు లేదు గానీ, జూలైలో మంచుపలకల మీద నిలిచే కరుగునీటి మడుగులను అది సముద్రపు నీటి నుంచి వేరుచేయలేదు కాబట్టి, ఓడ మీది పరిశీలకులు పదింట తొమ్మిది వంతులు మంచేనని రాసుకునే చోట కూడా పటం తక్కువ చూపవచ్చు. కొత్తగా కట్టిన పలుచని మంచుదీ ఇదే కథ. ఈ తేడాల లెక్క తేల్చడానికి కూడా తోడ్పడేలా 2019 అక్టోబరులో జర్మన్ నౌక పోలార్‌స్టెర్న్‌ను మంచుపలకకు కట్టి, ఉపగ్రహాల్లో వాడే తరహా రేడియోమీటర్లనూ (మైక్రోవేవ్ తరంగాలను కొలిచే పరికరాలు) రాడార్లనూ ఆ మంచు మీదే నిలిపి నెలల తరబడి కొలిచారు.

మంచు శాతం పటంలోని గడుల పరిమాణాన్నీ మరవకూడదు. 1978 చివరి నుంచి సాగుతున్న మైక్రోవేవ్ రికార్డులో ఒక్కో గడి భుజం సుమారు 25 కిలోమీటర్లు. దాన్ని మన దగ్గర పరిస్తే విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి ఒక్కదాంట్లోనే ఇమిడిపోతాయి. అందులో 15 శాతం మంచుంటే చాలు, విస్తీర్ణం లెక్కలో గడి మొత్తం చేరిపోతుంది. 2012 సెప్టెంబరు నాటి రికార్డు కనిష్ఠం, సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇలా కూడినదే.

లోపాలూ ఉన్నాయి. ఓడల నమోదులు, బోయాల (నీటిలో, మంచు మీద ఉంచే కొలత పరికరాలు) కొలతలు ఇందులో దొరకవు. వివరణలన్నీ ఆంగ్లంలోనే ఉండడం తెలుగు మాధ్యమం పిల్లలకు ఇబ్బందే. తరగతి కోసం వాడేవారు ఏప్రిల్ చిత్రాలతో మొదలుపెట్టి, రంగుల చిత్రం, మంచు శాతం అనే రెండు పొరలనూ చదవడం పిల్లలకు అలవాటయ్యాకే జూలై చిత్రాలు తెరవడం మేలు.