ఎనిమిదడుగుల ఖాళీకి జంట ఐ బీములు: ఆటోనగర్ షాపుకు అయిదుకు నాలుగు మార్కులు

హాలుకూ వంటింటికీ మధ్య గోడలో ఎనిమిదడుగుల వెడల్పున దారి తెరవాలి, పైన ఏ లింటెల్ (బరువు మోసే అడ్డదూలం) వేయాలి అని అడిగితే విశాఖలో మొదట వచ్చే జవాబు కిలో ధర. నేను పోర్టులో పద్దులు చూసి రిటైరైనదాన్ని. ఏ సరుకు కావాలో తేలకముందే ధర చెప్పేవారి మీద నాకు గురి కుదరదు. గాజువాక ఆటోనగర్‌లోని ఈ చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని మాత్రం ధర ఊసెత్తకుండా "ఆ గోడ మీద ఏముందమ్మా? శ్లాబు దాని మీదే కూర్చుందా?" అని అడిగాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కాగితం తెస్తే తప్ప బీము కోయనన్నాడు. పని ఆయనకే ఇచ్చాను.

మాది లాసన్స్ బే కాలనీలో పాత ఇల్లు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల గోడలే బరువంతా మోస్తాయి. గోడ మీద ఇటుక కట్టుబడి మాత్రమే ఉండి, అది తగినంత ఎత్తుంటే, లింటెల్ మీద పడేది త్రికోణం మేర ఇటుకల బరువే. మిగతాది పక్క గోడలకు చేరిపోతుంది. ఎనిమిదడుగులకు ఆ త్రికోణం టన్ను పైచిలుకు. మా ఇంట్లో రెండు వైపుల శ్లాబు, పై అంతస్తు గోడ, దాని మీది కప్పు కలిపి పద్నాలుగు టన్నులని ఇంజినీరు తేల్చాడు. ఎదురింటివారు ఏ బీము వేశారో చూసి అదే వేయించుకోమన్న బంధువులకు ఆ కాగితమే చూపించాను.

మేస్త్రి మనసు కాంక్రీటు మీద ఉంది. అది చవకే, కాదనను. కానీ ఇంత చిన్న బీముకైనా కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అడుగున ఆసరా జాకీలు 14 రోజులు ఉంచాలి. వంటింటి దారికి అడ్డంగా జాకీలు పెట్టుకుని రెండు వారాలు సంసారం చేయడం నా వల్ల కాదు. ఇంజినీరు రాసింది 200 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐఎస్‌ఎంబీ బీములు (ఐ అక్షరం ఆకారపు ఉక్కు దూలాలు) రెండు, పక్కపక్కన. ఒక్కొక్కటి 100 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి రెండూ కలిసి మా తొమ్మిదంగుళాల, అంటే 230 మిల్లీమీటర్ల గోడలో ఒదిగిపోతాయి.

రెండుగా వేయడంలోని అసలు సుఖం బిగించేటప్పుడు తెలిసింది. శ్లాబు కింద రెండు వైపులా జాకీలు నిలిపి, ముందు హాలు వైపు నుంచి గోడ మందంలో సగం మేర గాడి తొలిచి ఒక బీము దూర్చారు. పైన సందులో ఆరినా కుంచించుకుపోని సిమెంటు ముద్ద (గ్రౌట్) కూరి, అది గట్టిపడ్డాకే వంటింటి వైపు తొలిచారు. రెండింటినీ బోల్టులతో కలిపిన తర్వాతే కింది ఇటుకలు తీశారు. ఏ దశలోనూ పై గోడ గాలిలో వేలాడలేదు. ఒక్కో బీము డెబ్బై కిలోల పైనే, నలుగురు మనుషులతో సరిపోయింది. ఈ సైజు మీటరుకు సుమారు 25 కిలోలు తూగుతుంది. కాటా చీటీని పొడవుతో సరిచూశాను, తేడా లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది చివరల విషయంలో వారి పట్టుదల. పద్నాలుగు టన్నులంటే ఒక్కో చివర ఏడు. అంత బరువు నేరుగా పాత ఇటుక మీద మోపితే ఇటుక నలుగుతుంది, బీము ఎంత బలమైనదైనా. అందుకే ముందు రెండు వైపులా కాంక్రీటు దిమ్మలు పోయించి, బీమును వాటి మీదికి ఎనిమిదేసి అంగుళాలు ఎక్కించారు. మేస్త్రి నాలుగు చాలన్నాడు. షాపు మనిషి వినలేదు. ఆ వాదనలో నేను కలగజేసుకోలేదు కానీ ఎవరి పక్షమో నా మొహమే చెప్పి ఉంటుంది.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, కిటికీ తెరిస్తే ఉప్పుగాలి వచ్చే ఇల్లు ఇది. బీములకు జింకు ప్రైమర్ వేసి తెస్తామన్నారు, తెచ్చారు. కానీ పొడవుకు కోసిన చివరలూ బోల్టు రంధ్రాలూ ఉత్త ఇనుముగానే ఉన్నాయి. గోడలో పూడిపోయాక ఎవరు చూస్తారనుకున్నారేమో. నేను అడిగాక, కుర్రవాడు డబ్బా తెచ్చి పూసేవరకు మేస్త్రిని గాడి మూయనివ్వలేదు. రవాణా ఖర్చు ముందు చెప్పకుండా బిల్లులో చేర్చడం ఇంకో చికాకు, దాన్ని కొట్టేయించాను. ప్లాస్టరింగుకు ముందు బీము చుట్టూ చుట్టే సన్న తీగల వల (చికెన్ మెష్) వారి పనిలో లేదు. అది లేకుంటే ఇనుము, ఇటుక కలిసే గీత వెంట పగులు ఖాయం కాబట్టి ముందే కొనిపెట్టుకోండి.