ఇంటికొచ్చి వీలునామా రాసిస్తామనే వాళ్లతో జాగ్రత్త

అదేనండి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతోందే, "గడప దాటకుండా వీలునామా, అంతా మేమే చూసుకుంటాం" అని, వాళ్ల గురించే. పేరు రాయను. రాస్తే నా మీద కేసు వేస్తారు, ఆ కాగితాలు మాత్రం పకడ్బందీగానే తయారుచేస్తారు.

రెండేళ్ల క్రితం నాన్నకు చేయించాను. నాచారం ఫ్లాటు అమ్మకే దక్కాలన్నది ఆయన కోరిక. 12,000 కట్టాం. ఒక కుర్రాడు వచ్చి భోజనాల బల్ల దగ్గర సంతకం పెట్టించుకున్నాడు. "సాక్షులు లేరేం బాబూ" అని నాన్న అడిగారు కూడా. "ఆఫీసులో పెట్టించేస్తాం సార్" అన్నాడు. నేనే నాన్నను ఊరుకోమన్నాను. వారానికి ఫైలు వచ్చింది: స్టాంపు పేపరు, ఎర్రటి నోటరీ ముద్ర, అట్ట మీద బంగారు అక్షరాలు. శుభలేఖలా ఉంది.

గత నెల నాన్న పోయారు. "ఈ సాక్షులెవరు?" అన్నాడు అన్నయ్య. న్యాయవాది దగ్గరికి వెళితే ఆవిడ ఆ ముద్ర వైపు చూడనైనా లేదు. తెల్లకాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుందట. నాన్న సంతకం చేయడం ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట వినాలి, ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం, 63వ సెక్షన్. నోటరీ ముద్ర దానికి బదులు కాదు. వివాదం వస్తే ఆ ఇద్దరిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. ఇది నిలబడకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, నేను, నాయనమ్మ, నలుగురికీ సమాన వాటాలు.

నిన్న వాళ్లకు ఫోను చేశాను.

"సాక్షులను పంపించండి."

"వాళ్లు మానేశారు సార్. మీరు మాది బేసిక్ ప్యాకేజీ కదా తీసుకున్నది."

సాక్షులు చూడకుండా సంతకం చేయడం బేసిక్ అన్నమాట!

"పర్వాలేదు సార్, మీ నాన్నగారితో మళ్లీ సంతకం పెట్టించండి, కొత్తది ఇచ్చేస్తాం."

ఆయన పోయారని ఫోను ఎత్తగానే చెప్పాను. మళ్లీ చెప్పాను. కాసేపు అటు నుంచి కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత, ఒట్టు, ఇదే మాట అన్నాడు: "అయితే అమ్మగారికి చేయించండి సార్. పాత కస్టమర్లకు 20 శాతం తగ్గింపు."

ఫోను పెట్టేశాక చేతులు వణికాయి. బియ్యం బస్తా కొంటే గుప్పెడు తీసి వాసన చూసే మనిషిని నేను. నాన్నతో రోజూ చదరంగం ఆడే మాస్టారు ఎదురింట్లోనే ఉన్నారు. కేకేస్తే భార్యాభర్తలిద్దరూ వచ్చేవారు, పైసా ఖర్చు లేకుండా. అంత తెలివి నాకెందుకు ఉంటుంది!

సలహా అంటారా? సాక్షులుగా మీకన్నా చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా రానివాళ్లను పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చేయించండి. పెద్దవారైతే మతి స్థిమితంగా ఉందని డాక్టరు చీటీ ఒకటి తీసుకోండి.

ఈ పొద్దున అదే ప్రకటన మా బ్లాకు గ్రూపులో మళ్లీ పడింది. ముగ్గురు అప్పుడే ధర అడిగారు. అందుకే ఇంత హడావుడిగా రాస్తున్నాను.